చూరు కనిపిస్తుంది, గోడ కనిపించదు

ఉపగ్రహ చిత్రాల్లోంచి కంప్యూటరు తనంతట తాను గీసిన ఇళ్ల, దారుల పటం ఒకటి ఈమధ్య మా ఊరి మీద పరిచి చూశాను. మాది గోదావరి కాలవ గట్టున ఊరు. రామాలయం దొరికింది, బడి దొరికింది, రైసుమిల్లు రేకుల షెడ్డయితే మూలమూలలతో సహా దొరికింది. దాంతోపాటు మా వీధి చివరి గడ్డిమేటు కూడా ఇల్లయి కూర్చుంది. గోడకు గోడ ఆనుకున్న అన్నదమ్ముల ఇళ్లు రెండూ కలిసి ఒకే ఇల్లయ్యాయి. ఆ ఇద్దరి మధ్యా మాటల్లేక పదేళ్లయిందని పాపం దానికేం తెలుసు. కొబ్బరితోటలో ఉన్న మా మేనత్త పెంకుటిల్లు మాత్రం పటంలో లేనే లేదు. పుంతదారి చెరువు దాకా వచ్చి, చింతచెట్ల కింద తెగిపోయి, అవతల మళ్లీ మొదలైంది.

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఈ తప్పుల్లో ఏ రెండూ ఒకే కారణంతో వచ్చినవి కావు. గడ్డిమేటుది పోలిక తెచ్చిన తంటా. అన్నదమ్ములది అంచు తెలియని తంటా. మేనత్త ఇల్లు పైనుంచి కనిపించనే కనిపించదు. పుంతది మరీ విచిత్రం, దాదాపు మొత్తం దొరికి కూడా పనికిరాకుండా పోయింది. ఈ రంగంలో యాభై ఏళ్లుగా జరుగుతున్న కుస్తీలో చాలా భాగం ఈ నాలుగింటి చుట్టూనే. నాకు అర్థమైనంతలో, "ఇక్కడ ఇల్లుందా?" అని అడిగితే యంత్రం ఇప్పుడు బాగానే జవాబు చెబుతోంది. "ఎక్కడిదాకా ఉంది?" అన్నప్పుడే తడబడుతోంది. పటానికి ఆ రెండో ప్రశ్నే ప్రాణం.

చుక్కలో ఎంత నేల

ఫొటోలో ఇళ్లుండవు, అంకెలుంటాయి. నేలను గళ్లు గళ్లుగా కోసి, ఒక్కో గడి నుంచి ఏ రంగు వెలుతురు ఎంత తిరిగొచ్చిందో రాసిన పట్టిక అది. ఆ గడినే పిక్సెల్ అంటాం. దాని సైజును బట్టే మిగతా కథంతా.

1972లో అమెరికా పంపిన మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహానికి ఒక పిక్సెల్ అంటే దాదాపు 80 మీటర్ల చదరం, మన లెక్కలో ఎకరంన్నర. 1988లో మనం పంపిన ఐఆర్‌ఎస్-1ఎలో ఒక కెమెరాకు 72.5 మీటర్లు, ఎకరం పావు పైచిలుకు. తర్వాతి లాండ్‌శాట్‌ల 30 మీటర్ల గడి 22 సెంట్ల పొలం. 2015 నుంచి తిరుగుతున్న ఐరోపా వాళ్ల సెంటినెల్-2కు 10 మీటర్లు, అంటే 120 గజాలు. హైదరాబాదులో 120 గజాల్లో మూడంతస్తులు లేపి రెండు పోర్షన్లు అద్దెకిస్తారు. సెంటినెల్‌కు ఆ ఇల్లంతా ఒకే ఒక్క చుక్క.

1999లో ఐకొనాస్ వచ్చి మీటరు పిక్సెల్‌ను అంగట్లో పెట్టాక, ఇంటికి ఒక ఆకారముందని డబ్బు కట్టి చిత్రం కొనుక్కున్నవాళ్లకు కూడా తెలియడం మొదలైంది. 2014 నాటి వరల్డ్‌వ్యూ-3కి 31 సెంటీమీటర్లు. 2019లో ఇస్రో పంపిన కార్టోశాట్-3కి 30 లోపే. మన ఉపగ్రహాల చిత్రాలను షాద్‌నగర్‌లో అందుకుని అందరికీ పంచే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉన్నది బాలానగర్‌లో కాబట్టి, హైదరాబాదుకు ఈ విద్య పాత పరిచయమే. ఇక తక్కువ ఎత్తులో ఎగిరే డ్రోనయితే అయిదు సెంటీమీటర్ల దాకా దిగుతుంది.

గడి చిన్నదయ్యేకొద్దీ పని తేలికవుతుందనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ అయిదు సెంటీమీటర్ల చిత్రంలో డాబా ఒక చదునైన దీర్ఘచతురస్రంగా ఉండదు. దాని మీద నల్ల నీళ్ల ట్యాంకు, ఆరేసిన చీరలు, ఒడియాలు, సగం కట్టి వదిలేసిన పిట్టగోడ, పై అంతస్తు కోసం లేపి ఉంచిన ఊచలు. ఇవన్నీ కలిపి ఒకే ఇల్లని యంత్రానికి నచ్చజెప్పాలి. అంతకుముందు కనిపించకపోవడం కష్టం, ఇప్పుడు మరీ ఎక్కువ కనిపించడం కష్టం.

నీళ్లు: తేలికైన లెక్క, తేలని చెరువు

అన్నిటికన్నా సులువుగా దొరికేవి నీళ్లు. మన కంటికి కనిపించే ఎరుపు దాటిన వెంటనే ఉండే పరారుణ కాంతిని నీళ్లు దాదాపు మొత్తం మింగేస్తాయి. పచ్చటి ఆకు అదే కాంతిని గట్టిగా వెనక్కి కొడుతుంది. అందుకే పరారుణ చిత్రంలో చెరువు కాటుకలా నల్లగా, ఏపుగా ఉన్న చేను తెల్లగా కనిపిస్తాయి. 1996లో మెక్‌ఫీటర్స్ అనే పరిశోధకుడు చెప్పిన సూత్రం పదో తరగతి పిల్లలు వేయగలిగేదే: ఆకుపచ్చ కాంతి అంకెలోంచి పరారుణ అంకె తీసేయండి, వచ్చినదాన్ని ఆ రెంటి మొత్తంతో భాగించండి, సున్నా కన్నా ఎక్కువైతే నీరు. నీటి ఈ స్వభావాన్నే ఆసరా చేసుకుని, మరికొంత తెలివి జోడించి, ఐరోపా సంఘపు పరిశోధకులు 1984 నుంచి 2015 దాకా తీసిన 30 లక్షల లాండ్‌శాట్ చిత్రాలను జల్లెడ పట్టారు. భూమి మీద ఎక్కడ నీరుంది, ఎక్కడ ఎండింది, ఎక్కడ కొత్తగా చేరిందో 2016లో పటం వేసి చూపించారు.

అదే సూత్రాన్ని ఆగస్టులో మా డెల్టా మీదికి తెస్తే జిల్లా జిల్లాయే చెరువైపోతుంది. నాట్లు పడ్డ మడిలో అప్పుడు కనిపించేవి నీళ్లే. కైకలూరు వైపు చేపల చెరువునూ, దాని పక్కనే దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడినీ ఒక్కరోజు ఫొటోలో విడదీయడం మనిషికే కష్టం. విడదీయగలిగింది కాలమే. మడి నెల తిరిగేసరికి పచ్చబడుతుంది, చేపల చెరువు పచ్చబడదు. కాబట్టి ఒక ఫొటో చాలదు, ఏడాది పొడుగునా కావాలి. ఆ రోజుల్లో మబ్బులు వదలవు కనుక మబ్బుల్లోంచి చూడగల రాడార్ కావాలి. దానికి నిలకడగా ఉన్న నీటి పలక నల్లగా కనిపిస్తుంది.

హైదరాబాదులో ఇబ్బంది తిరగబడుతుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువును చూసి సూత్రం "ఇది పచ్చిక" అంటుంది. నీళ్లు దొరికితే చెరువు దొరికినట్టేనా అన్నది ఇంకా లోతైన చిక్కు. ఎండాకాలం చెరువు శిఖంలో కాస్త తడి ఉంటే దోసకాయలు వేస్తారు. ఫొటోకు చెరువంటే ఆ రోజు ఉన్న నీళ్లు. రికార్డుకు చెరువంటే ఎఫ్‌టీఎల్, అలుగు దూకే మట్టానికి నీరు నిండితే ఎంత మేర మునుగుతుందో అంత. ఆ గీత ఏ ఫొటోలోనూ ఉండదు. అలుగు ఎత్తు, నేల ఎత్తుపల్లాలు తెలిస్తే లెక్కకట్టాలి, లేదా చాలా ఏళ్ల చిత్రాలు పేర్చి నీరు ఎంత దూరం పాకిందో చూడాలి. నగరంలో చెరువుల కబ్జాల గొడవ వచ్చినప్పుడల్లా "శాటిలైట్ ఫొటో చూపించండి, తేలిపోతుంది" అని టీవీల్లో అనేవాళ్లను చూస్తే నాకు ఈ దోసకాయలే గుర్తొస్తాయి.

గుట్టెక్కితే ఊరు తెలుస్తుంది, గుమ్మం తెలియదు

ఇళ్లకూ రోడ్లకూ నీళ్లలాంటి సులువైన సూత్రం లేదు. సిమెంటు డాబా, సిమెంటు రోడ్డు, ఎండలో మెరిసే బండరాయి, మూడింటి రంగూ ఒకటే. అందుకని మొదటితరం వాళ్లు రంగు వదిలి ఆకారం పట్టుకున్నారు. ఉపగ్రహ చిత్రాల్లో రోడ్లను కంప్యూటరుతో గుర్తించే ప్రయత్నం మీద రుజీనా బాయ్చీ, మొహమ్మద్ తవకోలి 1976లోనే వ్యాసం రాశారు. రోడ్డంటే సన్నగా, పొడుగ్గా, ఒకే రంగులో, అంచులు సమాంతరంగా ఉండేదని నియమాలు రాసి పెట్టడం అప్పటి పద్ధతి. 1980ల చివర్లో "పాములు" అని పేరుపెట్టిన ఇంకో ఉపాయం వచ్చింది. రోడ్డుకు దగ్గరలో ఒక వంకరగీత వదిలితే అది మెలికలు తిరుగుతూ అంచు దొరికినచోట అతుక్కుపోతుంది. 1995, 1997, 2001ల్లో స్విట్జర్లాండులోని అస్కోనాలో కేవలం ఈ విషయం మీదే సదస్సులు పెట్టుకున్నారంటే ఎంత పట్టుదలో చూడండి.

నియమాలు నియమాలుగా బాగుండేవి. కోతల కాలంలో మా రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోస్తారు. "ఒకే రంగులో ఉండాలి" అన్న నియమం అక్కడే చచ్చిపోతుంది. చెట్టు నీడ పడితే ఒకటి, లారీ ఆగితే ఇంకొకటి. మినహాయింపులు రాస్తూ పోతే నియమాల కన్నా అవే ఎక్కువయ్యాయి.

మలుపు ఎక్కడంటే, నియమాలు చెప్పడం మానేసి ఉదాహరణలు చూపించడం మొదలుపెట్టినప్పుడు. టొరాంటో విశ్వవిద్యాలయంలో వొలొదిమిర్ మ్నిహ్ 2013లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథం ఇందులో ఒక మైలురాయి. మాసచుసెట్స్ రాష్ట్రపు విమాన చిత్రాలు, వాటిమీద అప్పటికే ఉన్న పటాల్లోని రోడ్లూ ఇళ్లూ, రెండూ కలిపి, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాముకు చూపించి నేర్పాడు. గురువుగారు చెప్పే పాఠంలోనే తప్పులున్నాయన్న సంగతి కూడా అతను అక్కడే పట్టించుకున్నాడు. పటంలో కొన్ని ఇళ్లు ఉండవు, ఉన్న గీతలు కొన్ని రెండు మూడు మీటర్లు జరిగి ఉంటాయి. తప్పుల పుస్తకంతో చదివిన పిల్లవాడు ఆ తప్పులే నేర్చుకుంటాడు కదా.

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. విచిత్రమేమిటంటే దాన్ని తయారుచేసింది పటాల కోసం కాదు, సూక్ష్మదర్శిని కింద కనిపించే జీవకణాలను విడదీయడానికి. ఒకదానికొకటి తగిలి ఉన్న రెండు కణాల మధ్య సన్నని గీత నిలబెట్టడం దాని ముఖ్యమైన తలనొప్పుల్లో ఒకటి. మా అన్నదమ్ముల ఇళ్ల గొడవ అచ్చంగా అదే.

అది పనిచేసే తీరు చెప్పాలంటే నాకు తోచిన పోలిక గుట్ట. గుట్ట ఎక్కి చూస్తే ఊరి పోకడ తెలుస్తుంది: ఇది వీధి, అది తోట, ఆ వరస ఇళ్లవరస. కానీ ఎవరి గుమ్మం ఎక్కడుందో తెలియదు. కిందకు దిగి గుమ్మం ముందు నిలబడితే గడప కనిపిస్తుంది, ఊరు కనిపించదు. యూ-నెట్ ఈ రెండు పనులూ చేస్తుంది. చిత్రాన్ని సగానికి, అందులో సగానికి కుదిస్తూ నాలుగు మెట్లు ఎక్కుతుంది. పైకి చేరేసరికి అడ్డం 16, నిలువు 16 పిక్సెళ్ల నేల ఒక్క గుర్తుగా మారుతుంది. "ఇది ఇల్లే" అన్న తెలివి అక్కడ పుడుతుంది. మళ్లీ మెట్లు దిగుతూ చిత్రాన్ని పెద్దది చేస్తుంది. దిగేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గరా, ఎక్కేటప్పుడు అక్కడ చూసి దాచుకున్న వివరాన్ని పక్కనే పెట్టుకుంటుంది. అలా పైన పుట్టిన తెలివినీ కింద చూసిన గడపనూ కలుపుతుంది. ఇవాళ ఇళ్లను గీసే చాలా వ్యవస్థల లోపల ఈ ఆలోచనే ఏదో ఒక రూపంలో ఉంది.

ఏ ఊళ్లో చదువుకుంది?

ఉపగ్రహ చిత్రాల్లోంచి ఇళ్ల గీతలు తీసి అందరికీ ఇచ్చే గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ పనిని ఘానా రాజధాని అక్రాలోని ప్రయోగశాల నుంచి మొదలుపెట్టారు. 50 సెంటీమీటర్ల చిత్రాల్లో మనుషులు చేత్తో గుర్తుపెట్టిన 17 లక్షలకు పైగా ఇళ్లతో యూ-నెట్‌కు నేర్పి, 2021లో ఆఫ్రికాలోని 51.6 కోట్ల కట్టడాల గీతలు విడుదల చేశారు. 2023 నాటికి దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికా కూడా చేరి లెక్క 180 కోట్లయింది. అంతకు ముందే, 2018లో, మైక్రోసాఫ్ట్ ఒక్క అమెరికాలోనే 12.5 కోట్ల ఇళ్లు గీసి అందరికీ ఇచ్చింది. చేత్తో గీస్తే తరాలు పట్టే పని ఇది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

కాకపోతే ఒక ఊళ్లో బాగా గీసింది ఇంకో ఊళ్లో అంతే బాగా గీస్తుందన్న నమ్మకం లేదు. స్పేస్‌నెట్ పేరుతో జరిగిన పోటీల్లో రెండోది ఇందుకు మంచి సాక్ష్యం. లాస్ వేగస్, పారిస్, షాంఘై, ఖార్టూమ్ నగరాల్లో ఇళ్లను గీయమన్నారు. గెలిచిన పద్ధతికి, ఒకటి పూర్తి మార్కనుకుంటే, వేగస్‌లో 0.885 వచ్చాయి, ఖార్టూమ్‌లో 0.544. రెండూ ఎడారి నగరాలే, కాబట్టి ఇసుకను తిట్టి లాభం లేదు. వేగస్‌లో ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఉంటుంది, కప్పులన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ఖార్టూమ్‌లో గోడలు కలిసిపోయిన లోగిళ్లు. మన పాతబస్తీలు, పల్లెలు ఏ వైపో వేరే చెప్పాలా?

మా గడ్డిమేటు సంగతీ ఇంతే. పైనుంచి చూస్తే పొడుగ్గా, మధ్యలో వెన్నుతో, రెండు వైపులా వాలుతో, ఒక పక్క నీడతో ఉంటుంది. పూరిపాకకు చెప్పే లక్షణాలన్నీ ఉన్నాయి. గడ్డిమేటు ఎన్నడూ చూడని మోడల్‌ను, అంటే ఇలా ఉదాహరణలతో నేర్చుకున్న యంత్రాన్ని, తప్పుపట్టలేం. పెళ్లి షామియానా, మిర్చి కల్లంలో పరిచిన పట్టాలు కూడా ఈ జాబితాలోవే. మేనత్త ఇంటికి మాత్రం ఎంత చదువు చెప్పినా లాభం లేదు. కొబ్బరాకుల కింద ఉన్నదాన్ని మామూలు కెమెరా చూడలేదు. ఆకుల సందుల్లోంచి లేజరు కిరణాలు పంపి ఎత్తులు కొలిచే లైడార్ అయితే కొంత చూస్తుంది, దానికి విమానం ఎగరాలి, ఖర్చు పెట్టాలి.

గీత ఎక్కడ గీయాలి

మోడల్ చివరికి చేతిలో పెట్టేది పటం కాదు. ఒక్కో పిక్సెల్‌కూ "ఇది ఇల్లు కావడానికి ఇంత అవకాశం" అనే అంకె. మధ్యలో 0.97 ఉంటుంది, అంచుకు వచ్చేసరికి 0.6, 0.4. ఎక్కడో ఒకచోట కోత పెట్టి ఇటు ఇల్లు, అటు కాదు అనాలి. అలా కోస్తే వచ్చే ఆకారం వానలో నానిన అట్టపెట్టెలా ఉంటుంది. దాన్ని నిటారు చేయడానికి ఇంకో యంత్రాంగం: అనవసరపు వంకరలు తీసేసి, మూలలను లంబకోణాలకు బిగిస్తారు. అమెరికా ఇళ్లకు ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది. ఈశాన్యం పెంచి కట్టిన మన ఇళ్లను కూడా అది శ్రద్ధగా చదరం చేసేస్తుంది. వాస్తు పండితులకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఎంత సరిగ్గా గీసిందో కొలిచే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. యంత్రం గీసిన ఆకారాన్ని అసలు ఆకారం మీద పెట్టి, రెండూ కలిసిన మేరను, రెంటిలో ఏదో ఒకటి ఆక్రమించిన మొత్తం మేరతో భాగిస్తారు. సగం దాటితే "దొరికింది" అని మార్కు. వినడానికి ఉదారంగా ఉంది. ఆరు మీటర్లకు అయిదు మీటర్ల చిన్న పాక తీసుకోండి. ఆకారం, సైజు అన్నీ సరిగ్గా గీసి, అటొక మీటరు, ఇటొక మీటరు జరిపి పెట్టిందనుకుందాం. కలిసిన మేర 20 చదరపు మీటర్లు, మొత్తం మేర 40. సరిగ్గా సగం, గాలిలో దీపం. అదే మీటరు తేడా 60 మీటర్లకు 50 మీటర్ల గోడౌనులో వస్తే 0.93 మార్కులు. అంటే ఒకే తప్పుకు పాకవాడు పటంలోంచి పోతాడు, గోడౌను యజమానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆ మీటరు జరగడం అరుదనుకునేరు. ఉపగ్రహం ఎప్పుడూ నడినెత్తి మీదనుంచే చూడదు, పక్కనుంచి వంగి చూస్తుంది. 30 మీటర్ల ఎత్తు అపార్టుమెంటును 25 డిగ్రీలు వంగి తీస్తే దాని పైకప్పు ఫొటోలో 14 మీటర్లు పక్కకు పడుతుంది. గచ్చిబౌలి వైపు చిత్రాల్లో టవర్లన్నీ ఒకే దిక్కుకు కల్లు తాగినట్టు ఒరిగి, వాటి కప్పులు పక్క రోడ్డు మీద కూర్చోవడం చూడొచ్చు. నేల ఎత్తులను బట్టి చిత్రాన్ని సవరించే పద్ధతులున్నాయి. అయితే మామూలుగా చేసే సవరణ నేలనే సరిచేస్తుంది, భవనాన్ని నిలబెట్టదు.

భవనం నిటారుగా ఉన్నా ఒక సమస్య మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించేది ఇదే. పైనుంచి కనిపించేది కప్పు. పన్నుకూ, పట్టాకూ, తగాదాకూ కావలసింది గోడ. పెంకుటింటి చూరు గోడ దాటి రెండు మూడడుగులు బయటికి వస్తుంది. గోడల లెక్కన 30 అడుగులకు 20 అడుగుల ఇల్లు 600 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండున్నర అడుగుల చూరు కలిపితే 875. యంత్రం ఏ తప్పూ చేయకుండా, పిక్సెల్ కూడా తేడా రాకుండా గీసినా, ఇల్లు దాదాపు సగం పెరిగిపోయింది. చూరు నీళ్లు ఎవరి దొడ్లో పడాలన్న దానిమీద తలలు పగిలిన ఊళ్లున్న నేల మనది. ఇక్కడ ఆ రెండున్నర అడుగులు చిన్నవి కావు.

తెగిన పుంత

రోడ్డుకు వేరే న్యాయం. మా పుంత రెండు కిలోమీటర్లనుకుంటే, చింతచెట్ల కింద తెగింది పన్నెండు మీటర్లు. శాతంలో చెప్పాలంటే 99.4 దొరికింది. పరీక్షలో అయితే ఊరంతా స్వీట్లు పంచుతారు. కానీ దారి చూపించే యాప్‌కు అది దారే కాదు. చెరువు అవతలి ఊరికి వెళ్లాలంటే మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రమ్మంటుంది. ఈ మోసం గ్రహించే స్పేస్‌నెట్ మూడో పోటీలో కొలబద్ద మార్చారు. ఎన్ని పిక్సెళ్లు కలిశాయని చూడడం మాని, అసలు పటంలో ఒక చోటినుంచి ఇంకో చోటికి ఉన్న దగ్గరి దారి పొడుగునూ, యంత్రం పటంలో అదే ప్రయాణం పొడుగునూ పోల్చారు. ఒక్క తెగుకు కూడా మార్కులు పోతాయి. అలాగే పైవంతెననూ కింద రోడ్డునూ కూడలిగా కలిపేసినా పోతాయి.

ఫేస్‌బుక్ వాళ్లు థాయ్‌లాండ్‌లో ఈ పని చేసినప్పుడు యంత్రం గీసిన రోడ్లను నేరుగా పటంలోకి తోసేయలేదు. ఎవరైనా దిద్దగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దిద్దేవాళ్ల తెర మీద సూచనగా చూపించారు. మనిషి చూసి, తెగినది అతికించి, తప్పుది కొట్టేసి, ఒప్పుకుంటేనే పటంలోకి. అలా 3 లక్షల మైళ్లకు పైగా రోడ్లు చేర్చామని 2019లో ప్రకటించారు. ఆ అంకెలో యంత్రం వాటా ఎంత, కూర్చుని సరిదిద్దిన మనుషుల వాటా ఎంత అన్నది వార్తల శీర్షికల్లో కనిపించలేదు.

తప్పు ఎవరి నెత్తిన

యంత్రం రెండు రకాలుగా తప్పుతుంది. లేనిదాన్ని ఉందంటుంది, ఉన్నదాన్ని వదిలేస్తుంది. కోత ఎక్కడ పెట్టామన్న దాన్నిబట్టి ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది. ఓపెన్ బిల్డింగ్స్‌లో ప్రతి ఇంటికీ ఎంత నమ్మకంతో చెబుతున్నారో ఒక అంకె ఇస్తారు, 0.65 కన్నా తక్కువ ఉన్నవాటిని అసలు ఇవ్వరు. ఆపైన ఎక్కడ కోయాలో వాడుకునేవాళ్ల ఇష్టం. ఇష్టం అన్నానుగానీ, అది బాధ్యత.

2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు ఉపగ్రహ చిత్రాల మీద చేత్తో వీధులూ ఇళ్లూ గీశారు. అలాంటి రోజున యంత్రం గడ్డిమేటును ఇల్లనుకున్నా ఫరవాలేదు, సహాయం చేసేవాళ్లు ఒకసారి వెళ్లి చూసి వస్తారు. మేనత్త ఇల్లు వదిలేయడమే ప్రాణాంతకం. పన్నుల శాఖకు ఇది తలకిందులు. ఫ్రాన్సులో పన్నుల అధికారులు విమాన చిత్రాల్లో లెక్కలో చూపించని ఈతకొలనులను యంత్రంతో వెతికించారు. 2022 ఆగస్టు నాటికి తొమ్మిది జిల్లాల్లో 20 వేలకు పైగా దొరికాయి, సుమారు కోటి యూరోల పన్ను వచ్చింది. దానికి కొన్ని నెలల ముందే యంత్రం సోలార్ పలకలను కొలనులని పొరబడుతోందని అక్కడి పత్రికల్లో గోల లేచింది. ఇక్కడ లేని కొలనుకు నోటీసు వెళ్లడమే అన్యాయం, అందుకే పంపేముందు ఉద్యోగి చూసి తేల్చాలన్న నియమం పెట్టుకున్నారు. అదే మోడల్, అదే మార్కు. ఒకచోట తప్పు ఖరీదు చూసిరావడానికయ్యే పెట్రోలు, ఇంకోచోట ఒక కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగడం. "95 శాతం కచ్చితం" అని ఎవరైనా గొప్పగా చెబితే మిగతా అయిదు ఏ వైపు తప్పో అడగండి.

సున్నం గీత

పొలం గట్టు దగ్గరికి వస్తే మొత్తం కథ ఒక కొలిక్కి వస్తుంది. 2023లో మెటా విడుదల చేసిన సామ్ అనే మోడల్‌కు 1.1 కోట్ల బొమ్మల్లో వంద కోట్లకు పైగా ముక్కలు చూపించి నేర్పారు. ఏ చిత్రం ఇచ్చినా ముక్కలు ముక్కలుగా విడదీసి పెడుతుంది, ఏ ముక్క ఏమిటో మాత్రం చెప్పదు. మంచి డ్రోన్ చిత్రమిస్తే మడి మడికీ మధ్య గట్టును ఇలాంటి మోడళ్లు చక్కగా పట్టుకుంటాయి. కానీ గట్టూ హద్దూ ఒకటి కావు. ఒకే రైతు మడుల మధ్య నీటి కోసం పోసుకున్న గట్లుంటాయి, అవి హద్దులు కావు. అన్నదమ్ములు పంచుకుని కలిపి దున్నే చేలో హద్దుంటుంది, గట్టుండదు. తెలంగాణలో గెట్టు పంచాయితీ అనే మాట ఊరికే పుట్టలేదు. ఏడాదికో నాగలిచాలు చొప్పున గట్టు నడుస్తుంది. యంత్రం నడిచిన గట్టును నడిచినచోటే, సెంటీమీటర్ల లెక్కన కచ్చితంగా గీస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరినా, రైతులను పిలిచి, నేలమీద రోవర్లు, అంటే ఉపగ్రహ సంకేతాలతో చోటు కొలిచే పరికరాలు, పట్టుకుని హద్దులు సరిచూసుకునే పని తప్పలేదు. అదే ఏడాది ఏప్రిల్ 24న ఇళ్ల యజమానులకు ఆస్తి కార్డులివ్వడానికి కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో అయితే వరస ఇంకా తమాషాగా ఉంటుంది. అది పొలాలకు కాదు, ఊళ్లో ఇళ్లున్న మేరకు, మనం గ్రామకంఠం అనేదానికి. సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్ ఎగరేసి అయిదు సెంటీమీటర్ల తేడాలో పటం తయారుచేస్తుంది. ఇల్లు, దారి, చెరువు, పైకప్పు ఆర్‌సీసీనా, పెంకా, రేకా, ఇదంతా కంప్యూటరుతో తీయించడానికి వీలైన పని.

కానీ ఎవరి దొడ్డి ఎక్కడిదాకా అన్నది ఏ పిక్సెల్‌లోనూ లేదు. అందుకని డ్రోన్ రావడానికి ముందే పంచాయతీ వాళ్లు, రెవెన్యూ వాళ్లు ఇంటింటికీ వెళతారు. ఇటు పక్కవాణ్నీ అటు పక్కవాణ్నీ నిలబెట్టి, ఇద్దరూ తల ఊపినచోట నేలమీద సున్నంతో గీత గీస్తారు. పైనుంచి కెమెరాకు కనపడేంత తెల్లగా, లావుగా. తర్వాత ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు చిత్రంలోంచి తీసేది ఆ సున్నం గీతనే. గీశాక డ్రోన్ వచ్చేలోగా వాన పడిందా, బక్కెట్టు పట్టుకుని మళ్లీ పక్కవాణ్ని పిలుచుకు రావాలి.